బీడీ కట్టకు పిల్లవానిని పంపకుడి

తలిదండ్రులకు ఇంటి పాఠము
చదువవలసిన భాగములు: యిర్మీయా 35వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 6:4–9, ఎఫెసీయులకు 6:4



ఈ నెల పాఠము ముఖ్యముగా ఇంటిలో పిల్లలున్న వారి కొరకు వ్రాయుచున్నాము. పిల్లలు లేనివారు కూడ దీనిని చదువవలెను. ఏలయనగా పల్లెలో ఒక పిల్లవానిని కన్నవారు ఇద్దరే గాని, పెంచువారు వాడకట్టు అంతయు.

నర్సంపేట చుట్టుపట్ల పల్లెలలో ఇల్లిల్లు దర్శించునప్పుడు తల్లులు మాకు చెప్పు ప్రార్థన మనవులలో ఇది తరచుగా వినబడును: "అయ్యగారూ, పిల్లగాడు బీడీలు తాగుతున్నడట, గుట్కా నములుతున్నడట, జర ప్రార్థన చేయండి." ప్రార్థన తప్పక చేయుదుము. అయితే ఆ ఇంటి పెద్దలను ఒక ప్రశ్న కూడ అడుగుదుము: "ఈ ఇంటికి బీడీ కట్ట తెచ్చునది ఎవరు?" చాల ఇండ్లలో పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. తెచ్చునది ఆ పిల్లవాడే.

ఈ పాఠములో మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. పొగాకును పిల్లల చేతిలో మొదట పెట్టునది చాలమారులు పరాయివాడు కాదు, ఇంటివారే. గనుక కాపుదల కూడ ఇంటిలోనే ప్రారంభము కావలెను.

1. మొదటి చెయ్యి ఎవరిది?

అయిదారేండ్ల పిల్లవానిని పిలిచి, చేతిలో పైసలు పెట్టి, "కొట్టుకు ఉరికి బీడీ కట్ట పట్టుకరా" అందుము. వాడు సంతోషముగా ఉరుకును. మిగిలిన చిల్లరతో చాక్లెట్టు కొనుక్కొనుమని చెప్పుదుము గనుక వానికి అది ఇష్టమైన పని. ఈ చిన్న పనిలో పిల్లవాడు ఎన్ని సంగతులు నేర్చుకొనుచున్నాడో ఆలోచింపుడి. ఏ కొట్టులో ఏ బీడీ దొరకునో నేర్చెను. దాని పేరును, వెలయు నేర్చెను. కొట్టువానికి పరిచయమాయెను. పొగాకు తెచ్చిన దినమున నాయన మెచ్చుకొనునని కూడ నేర్చెను.

మరికొన్ని ఇండ్లలో, "పొయ్యిలో అంటించుక రా" అని బీడీని పిల్లవాని చేతికే ఇత్తురు. దారిలో ఆరిపోకుండునట్లు వాడు ఒక గుక్క పీల్చును. అది చూచి పెద్దలు నవ్వుదురు. ఆ నవ్వే వానికి సెలవు చీటి.

వయస్సు సంగతి చూతము. 2019లో మన దేశములో 13 మొదలుకొని 15 ఏండ్ల వయస్సుగల బడి పిల్లల మధ్య ఒక పెద్ద సర్వే జరిగెను. అందులో నూటికి 8.5 మంది ఏదో ఒక విధమైన పొగాకును వాడుచున్నట్లు తేలెను. అంతకంటె మనలను కలవరపెట్టవలసిన లెక్క మరియొకటి కలదు. సిగరెట్టు త్రాగిన పిల్లలలో నూటికి 38 మంది, బీడీ త్రాగినవారిలో నూటికి 47 మంది, నమలు పొగాకు వాడినవారిలో నూటికి 52 మంది పదియేండ్లు నిండకమునుపే మొదలుపెట్టిరి. పదియేండ్లలోపు పిల్లవానికి కాలేజీ స్నేహితులు లేరు, పట్నపు సావాసము లేదు. వానికి ఉన్నది ఇల్లు, వాడకట్టు, బడి దారి. గనుక "సావాసము చెరిపెను" అని మనము సులభముగా చెప్పకూడదు.

సావాసము చెరపదని కాదు. గురజాడ అప్పారావు గారు వ్రాసి 1897లో మొదట అచ్చువేసిన 'కన్యాశుల్కము' నాటకము మనలో చాలమంది విన్నదే. అందులో గిరీశము శిష్యుడైన వెంకటేశమునకు చదువు చెప్పుదునని చేరి, చుట్ట కాల్చుట అలవాటు చేసెను. నూరేండ్లకు పైబడినను ఆ సంగతి పాతబడలేదు. పిల్లలు తాము మెచ్చినవారి చేతిలో ఏమున్నదో అదే కోరుదురు. మెచ్చుకొనదగిన పెద్దవాడు ఇంటిలో లేనియెడల బయట ఒక గిరీశమును వెదకుకొందురు.

2. పొగాకు పిల్లవాని దేహములో ఏమి చేయును?

పొగాకులో నికోటిన్ అను పదార్థము కలదు. పొగ పీల్చిన పది సెకండ్లకే అది మెదడును చేరును. చేరి కొంతసేపు హాయిని కలిగించి, ఆ హాయి తగ్గగానే మరల కావలెనను కోరికను పుట్టించును. మనుష్యుని మెదడు సుమారు 25 ఏండ్ల వరకు ఎదుగుచునే యుండును. లేత మొక్కకు కట్టిన తీగె చెట్టు పెరిగిన కొలది లోపలికి దిగునట్లు, ఎదుగుచున్న మెదడులో ఈ అలవాటు లోతుగా దిగును. నలువదవ యేట మొదలుపెట్టిన వానికంటె పండ్రెండవ యేట మొదలుపెట్టినవానికి విడుచుట కష్టము.

పొగలో 7,000 కంటె ఎక్కువ రసాయనములు ఉన్నవనియు, వాటిలో 70 వరకు క్యాన్సరు కలిగించునవనియు వైద్యులు తేల్చిరి. ఊపిరితిత్తుల జబ్బు, గుండెపోటు, పక్షవాతము దీని వెంట వచ్చును. బీడీ చిన్నది, ఆకుతో చేసినది గనుక హాని తక్కువ అని కొందరందురు. అది నిజము కాదు. బీడీ ఊరక ఆరిపోవును గనుక త్రాగువాడు మాటిమాటికి గట్టిగా పీల్చును. అందువలన విషము లోపలికి ఎక్కువగా పోవును.

నమలునది పొగ కాదు గదా అని మరికొందరందురు. గుట్కా, ఖైనీ, జర్దా నోటి క్యాన్సరుకు త్రోవ తీయును. గుట్కాలోను పాన్ మసాలాలోను ఉండు పోకచెక్క కూడ క్యాన్సరు కలిగించునదేయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగము 2004లో ప్రకటించెను. కాబట్టి పొగాకు లేని పాన్ మసాలా అని చెప్పి అమ్మినను పిల్లలకు అది మిఠాయి కాదు. దీనిని నమలుచు వచ్చిన వారికి దవడలలోని కండ గట్టిపడి నోరు తెరచుట తగ్గిపోవును. ఆరోగ్యవంతుడు తన మూడు వ్రేళ్లను నిలువుగా నోటిలో పెట్టుకొనగలడు. రెండు వ్రేళ్లు పట్టుట కష్టమైనయెడల ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. నోటిలో తెల్లని మచ్చ గాని, రెండు మూడు వారములకు మానని పుండు గాని, కారము తగిలితే విపరీతమైన మంట గాని ఉన్నయెడల అట్లే చేయవలెను.

మన తెలుగు నేలమీదనే దీనికి పాత సాక్ష్యము కలదు. శ్రీకాకుళము ప్రాంతపు పల్లెలలో అడ్డపొగ అను వాడుక యుండెను. చుట్టను అంటించిన కొసను నోటి లోపల పెట్టుకొని త్రాగుటయే అడ్డపొగ. ముఖ్యముగా స్త్రీలే అట్లు త్రాగుచుండిరి. ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిన వైద్యుల పరిశోధన 1971లో అచ్చుపడెను. అంగిలిలో ఆ నిప్పు ఎట్టి మార్పులు కలిగించునో అందులో వివరించిరి. ఆ తల్లులకు దానిని ఏ ప్రకటనయు నేర్పలేదు. అమ్మను చూచి కూతురు నేర్చెను.

ఇంటిలో ఒకరు త్రాగిన పొగ మిగిలినవారిని కూడ విడువదు. ఒకే గదిలో పడుకొను పసిపిల్లలకు ఆయాసము, నిమోనియా, చెవిపోటు దీనివలన ఎక్కువగును. "నేను త్రాగితే నాకే గదా" అను తండ్రి ఈ మాటను గమనింపవలెను.

3. రేకాబీయుల ఇల్లు

పరిశుద్ధ గ్రంథములో పొగాకు అను మాట లేదు. ఉన్నదని చెప్పి పిల్లలను భయపెట్టకూడదు. ఆ మొక్క పుట్టినది అమెరికా ఖండములో. పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చినది. 1600 ప్రాంతములో బిజాపూరు నుండి దానిని అక్బరు పాదుషా కొలువునకు తీసికొనిపోయిరి. ఆయన కుమారుడైన జహంగీరు 1617లో దానిని నిషేధించెను గాని ఆ ఆజ్ఞ నిలువలేదు. పాదుషా ఆజ్ఞ నిలువనిచోట తండ్రి మాట నిలుచునా? నిలుచునని చూపు ఒక ఇంటి చరిత్ర యిర్మీయా 35వ అధ్యాయములో కలదు.

రేకాబు వంశస్థుడైన యెహోనాదాబు తన యింటివారికి ద్రాక్షారసము ముట్టవద్దని నియమము పెట్టెను. అతడు యెహూ రాజు కాలపువాడు. యిర్మీయా దినములనాటికి రెండు వందల ఏండ్లకు పైగా గడచెను. దేవుని ఆజ్ఞచొప్పున ప్రవక్త ఆ కుటుంబమువారిని మందిరపు గదిలోనికి పిలిచి, ద్రాక్షారసముతో నిండిన పాత్రలను వారి యెదుట పెట్టించి, త్రాగుడని చెప్పెను. పిలిచినవాడు ప్రవక్త, చోటు మందిరము, చూచువారు పెద్దలు. అయినను వారు త్రాగలేదు. తమ పితరుడు వద్దనెను గనుక తాము ముట్టమని చెప్పిరి. దేవుడు వారి విధేయతను యూదా జనులయెదుట మెచ్చుకొనెను.

ఈ భాగము ద్రాక్షారసమును గూర్చినది. దానిని పొగాకునకు అన్వయించుట మన ఆలోచనయే. అయితే ఒక ఇంటి నియమము తరతరములు ఎట్లు నిలుచునో దీనిలో స్పష్టముగా కనబడుచున్నది.

మొదటిది, ఆ నియమము ఇంటిలో అందరికి ఒక్కటే. పురుషులు, భార్యలు, కుమారులు, కుమార్తెలు అందరును దానికి లోబడిరి. మగవాడు త్రాగవచ్చును, ఆడది త్రాగరాదు అనునది అక్కడ లేదు. పెద్దవానికి సరే, చిన్నవానికి వద్దు అనునదియు లేదు.

రెండవది, దానికి కారణము చెప్పబడెను. పరదేశులుగా ఉన్న దేశములో వారు దీర్ఘకాలము బ్రదుకుటకే ఆ నియమమని పితరుడు తెలిపెను. "నేను చెప్పితిని గనుక చేయుము" అని ఊరకుండలేదు.

మూడవది, గౌరవింపదగినవాడు పాత్ర అందించినను వారు కాదనగలిగిరి. మన పిల్లలకు కావలసిన బలము ఇదే. బీడీ అందించునది శత్రువు కాదు. పెద్దనాయన కొడుకు, క్రికెట్టు ఆడు అన్న, పొలములో పక్కన పనిచేయు మామ.

4. ఇంటిలో చేయవలసిన పనులు

(అ) పిల్లలను పొగాకునకు పంపకుడి. బీడీ కట్ట, సిగరెట్టు, జర్దా పొట్లము, అగ్గిపెట్టె సహా దేని కొరకును పంపకుడి. అంటించుకొని రమ్మని చెప్పకుడి. వారిచేత బూడిద గిన్నె ఎత్తించకుడి. త్రాగువాడు తానే లేచి పోవలెను. ఈ పనికి ఒక్క పైస ఖర్చు లేదు. ఈ సాయంకాలమే మొదలుపెట్టవచ్చును.

ఇంటిలో ముసలివారున్నచోట ఇది కష్టము. తాత మనుమని పిలిచి చుట్ట తెమ్మనును. కాదన్నయెడల పెద్దల మాట జవదాటినట్లగును. ఈ బరువును పిల్లవానిమీద వేయకూడదు. కొడుకో కోడలో ముసలివానియొద్ద నెమ్మదిగా కూర్చుండి చెప్పవలెను: "నాయనా, నీకు కావలసింది నేనే తెచ్చిపెడత. పోరనిని మాత్రం పంపకు. వాడు నిన్ను చూసి నేర్చుకుంటడు." మనుమని మేలు కోరని తాత ఉండడు. మర్యాదతో చెప్పిన మాటను చాలమంది తాతలు ఆలకింతురు.

(ఆ) ఇంటి గడప లోపల పొగ త్రాగకుండుటను నియమముగా పెట్టుకొనుడి. అతిథి వచ్చినను అదే నియమము. బీడీ కట్టను దేవుని వాక్యము పెట్టు గూటిలోను, పిల్లల పుస్తకముల పక్కను ఉంచకుడి.

(ఇ) త్రాగు తండ్రి పిల్లలకు నిజము చెప్పవలెను. "నేను త్రాగుచు నీకు ఎట్లు వద్దని చెప్పుదును?" అని కొందరు తండ్రులు నోరు మూసికొందురు. మౌనము పిల్లవానికి మేలు చేయదు. "బిడ్డా, ఇది పట్టుకున్నంత సులువుగా వదలదు. నేను వదలాలని చూస్తున్న. నువ్వు దీని జోలికి పోకు" అని తండ్రి చెప్పగలిగినయెడల ఆ మాటకు బరువుండును. చెప్పి ఊరకుండక విడుచుటకు పూనుకొనవలెను. తండ్రి తంటాలుపడి విడుచుటను కన్నులార చూచిన పిల్లవాడు మరువడు.

(ఈ) చిన్నతనముననే మాటలాడుడి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుని మాటలను పిల్లలకు ఎప్పుడెప్పుడు చెప్పవలెనో కలదు: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడచునప్పుడు, పడుకొనునప్పుడు, లేచునప్పుడు. ఉపదేశమునకు ప్రత్యేకమైన సభ అక్కరలేదు. బజారులో సిగరెట్టు డబ్బీ మీది బొమ్మ కనబడినప్పుడు "ఇది ఏమి రోగము?" అని అడుగుడి. 2016 నుండి ఆ డబ్బీలో నూటికి 85 వంతులు హెచ్చరిక ఉండవలెనను నియమము కలదు. సినిమాలో కథానాయకుడు పొగ త్రాగునప్పుడు క్రింద వచ్చు అక్షరములను పిల్లవానిచేత చదివించుడి. పాన్ మసాలా పేరుతోను యాలకుల పేరుతోను వచ్చు ప్రకటనలు నిజముగా ఏ సరుకు పేరును జ్ఞాపకము చేయుచున్నవో వానినే చెప్పనీయుడి. పిల్లలు తమ్మును ఒకడు మోసగించుచున్నాడని కనిపెట్టినయెడల దానిని సహింపరు.

(ఉ) కాదని చెప్పుట నేర్పుడి. "వద్దు" అనుటకు కూడ అభ్యాసము కావలెను. తల్లి బీడీ ఇచ్చు కాక వేషము వేయవచ్చును, పిల్లవాడు జవాబు చెప్పవచ్చును: "వద్దు కాకా, మా ఇంట్ల ఇది లేదు." రేకాబీయులు చెప్పినదియు ఇంచుమించు ఇదే. ఇంటి పేరు చెప్పి తప్పించుకొనుటకు పిల్లవానికి ఒక నీడ దొరకును.

(ఊ) పైసల లెక్క చూపుడి. దినమునకు 20 రూపాయలు పొగాకునకు పోయినయెడల నెలకు 600, సంవత్సరమునకు 7,300 రూపాయలు. ఆ పైసలతో ఎన్ని నోటుపుస్తకములు, ఎన్ని జతల బట్టలు వచ్చునో పిల్లలనే లెక్క కట్టనీయుడి. పత్తి ఏరి, మిరప కాయ కోసి తెచ్చిన కూలి ఎట్లు పొగయై పోవుచున్నదో వారికి అర్థమగును.

5. ఆకుమీద బ్రదుకు ఇండ్ల సంగతి

మన ప్రాంతములో ఈ మాట చెప్పునప్పుడు జాగ్రత్తగా చెప్పవలెను. పాకాల అడవి అంచున ఉన్న పల్లెలలో వేసవి వచ్చినయెడల తునికాకు కోయుదురు. ఆకులను యాబదేసి చొప్పున కట్టలు కట్టి కల్లమునకు చేర్చుదురు. పంటలు లేని ఎండకాలములో ఆ పైసలతోనే కొన్ని ఇండ్లలో పొయ్యి వెలుగును. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపు వేలకొలది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి పిల్లలను చదివించిరి. అట్టి తల్లులను పాపులని పిలుచుటకు మేము సిద్ధముగా లేము. వారి నడుము నొప్పియు, దగ్గును దేవునికి తెలియును. మన రాష్ట్ర ప్రభుత్వము బీడీ కార్మికులకు 2015లో పింఛను మొదలుపెట్టుట వారి కష్టమును గుర్తించుటయే.

అయితే ఆ ఇండ్లలో పిల్లలకు అపాయము ఎక్కువ. పొగాకు చేతికి అందునంత దూరములో ఉండును. గనుక మూడు జాగ్రత్తలు చెప్పుచున్నాము. పిల్లలను చాట దగ్గర కూర్చుండబెట్టి బీడీలు చుట్టించకుడి. 1986 నాటి బాలకార్మిక చట్టము కూడ బీడీల తయారీని పిల్లలకు నిషేధించిన పనులలో చేర్చెను. పొగాకు తట్టను మూతపెట్టి, పిల్లలు పడుకొను చోటికి దూరముగా ఉంచుడి. చేతులు సబ్బుతో కడుగుకొనిన తరువాతనే బిడ్డకు అన్నము పెట్టుడి. ఆ తల్లి తన బిడ్డతో, "ఇది మనకు కూలి మాత్రమే, మన నోటికి కాదు" అని చెప్పగలదు. చెప్పుటకు ఆమెకంటె ఎక్కువ హక్కు గలవారు లేరు, ఏలయనగా ఆ దుమ్ము ఏమి చేయునో ఆమె ఎరుగును.

6. ఇప్పటికే అలవాటు పడినయెడల

చొక్కా జేబులో అగ్గిపెట్టె, పండ్లమీద గార, నోట వాసన, లెక్క చెప్పని పైసలు కనబడును. తండ్రికి మొదట వచ్చునది కోపము. కట్టె చేతికి వచ్చును. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6:4లో పౌలు, తండ్రులు పిల్లలకు కోపము రేపక ప్రభువు శిక్షణలో పెంచవలెనని బోధించుచున్నాడు. దెబ్బలు తిన్న పిల్లవాడు బీడీ మానడు; దానిని దాచు చోటు మార్చును. చెరువు గట్టుకో, పాడుబడిన బడి వెనుకకో పోవును. అక్కడ మనమాట వినబడదు.

అట్లని చూచి చూడనట్లు ఊరకుండుటయు తప్పే. ఏలీ యాజకుడు తన కుమారులు చెడిపోవుచుండగా ఆలస్యముగా, మెత్తగా మందలించెను గాని వారిని అడ్డగించలేదని మొదటి సమూయేలు గ్రంథములో చదువుదుము. ప్రేమ గట్టిగాను ఉండవలెను.

కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు, కడుపునిండ అన్నము పెట్టిన తరువాత, పిల్లవానిని అడుగుడి. ఎప్పుడు మొదలాయెను, ఎవరితో, దినమునకు ఎన్ని అని తెలిసికొనుడి. నిజము చెప్పినందుకు శిక్షింపకుడి. విడుచుటకు ఒక దినము నియమించుకొనుడి. మొదటి వారము విసుగు, తలనొప్పి, నిద్ర పట్టకపోవుట, కోపము కలుగవచ్చును. అది మొండితనము కాదు, నికోటిన్ విడుచు బాధ. ఆ దినములలో వానిని ఖాళీగా ఉంచక పనిలోను ఆటలోను పెట్టుడి. నీళ్లు త్రాగనీయుడి. ఒకమారు జారిపడినను మరల లేపుడి.

సహాయము దొరకును. 1800-11-2356 అను నంబరుకు ఫోను చేసినయెడల పొగాకు మానుటకు ఉచితముగా సలహా చెప్పుదురు. 2018 నుండి ఆ నంబరును పొగాకు డబ్బీలమీదనే అచ్చువేయుచున్నారు. సర్కారు దవాఖానాలో డాక్టరుకు చూపుట సిగ్గుపడవలసిన పని కాదు. సలహా మాటకు ఫలమున్నదనుటకు సాక్ష్యము కలదు. శ్రీకాకుళము, కేరళలోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరు జిల్లాల పల్లెలలో పొగాకు వాడు 36,000 మందికి నచ్చజెప్పి వైద్యులు చేసిన ప్రయత్నపు ఫలితములు 1986లో అచ్చుపడెను. ఇల్లిల్లు తిరిగి చెప్పినచోట మానినవారును తగ్గించినవారును ఎక్కువైరి. తండ్రి మాట, తల్లి మాట అంతకంటె దగ్గరనుండి వినబడును గదా.

7. సంఘమును, గ్రామమును చేయవలసినది

మన పెండ్లి విందులలో సిగరెట్లు, బీడీలు పళ్లెములో పెట్టి పంచు వాడుక ఉన్నచోట దానిని మానవలెను. సమాధి త్రవ్వువారికి బీడీ కట్టకు బదులు టిఫిను పెట్టవచ్చును. నాట్ల కూలీలకు పొగాకునకు బదులు చాయ ఇయ్యవచ్చును. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఆరాధన ముగిసిన వెంటనే గుడి గోడ ప్రక్కన పొగ త్రాగుటను పిల్లలు చూచుచున్నారని ఎరుగవలెను.

చట్టము కూడ మన పక్షమున ఉన్నది. 2003 నాటి పొగాకు చట్టము ప్రకారము 18 ఏండ్లలోపువారికి పొగాకు అమ్మరాదు. బడికి 100 గజముల లోపల అమ్మరాదు. నాయన కొరకని పిల్లవాడు చెప్పినను కొట్టువాడు ఇయ్యకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 77వ సెక్షను ప్రకారము పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. తినుబండారములలో పొగాకు గాని నికోటిన్ గాని కలుపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అందుచేతనే పాన్ మసాలాను ఒక పొట్లములోను, పొగాకును మరొక పొట్లములోను పెట్టి జంటగా అమ్ముటను మనము చూచుచున్నాము. పిల్లలు చూచి ముచ్చటపడు ఎలక్ట్రానిక్ సిగరెట్టు 2019 నుండి మన దేశములో నిషేధము.

ఇందు నిమిత్తము కొట్టువానితో తగవు పడుట మొదటి మెట్టు కాదు. అతడు మన ఊరివాడే, అతనికిని పిల్లలున్నారు. పదిమంది తలిదండ్రులు కలిసి పోయి, "అన్నా, మా పిల్లలు వచ్చి అడిగితే ఇయ్యకు; మేము పంపము" అని చెప్పుడి. ఆ మాట చెప్పుటకు ముందు మనము పంపుట మానియుండవలెను. వినని చోట బడి హెడ్‌మాస్టరు గారికి, గ్రామ పంచాయతీకి, పోలీసు ఠాణాకు తెలుపవచ్చును.

ఇంటివారందరు కలిసి మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో పొగాకు ఎక్కడ ఉండును? దానిని ఎవరు తెత్తురు?
2. యెహోనాదాబు పెట్టిన నియమము అంతకాలము ఎట్లు నిలిచెను? మన ఇంటిలో అట్టి నియమము ఏది?
3. పిల్లలు పెద్దలతో: "మాకు ఎవరైనను ఎప్పుడైనను బీడీ గాని గుట్కా గాని ఇచ్చిరా?" (పెద్దలు కోపపడక వినవలెను.)
4. ఇంటిలో విడువదలచినవారు ఎవరు? వారికి మిగిలినవారు ఏ సహాయము చేయగలరు?

ఈ ప్రశ్నలను ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన వేళ తీసికొనుడి. పెద్ద తీర్మానములు చేయలేనివారు ఒక చిన్న తీర్మానమైనను చేయుడి: రేపటినుండి మా పిల్లలు పొగాకు కొరకు కొట్టు మెట్లు ఎక్కరు. ఆ తీర్మానమును పిల్లల యెదుటనే చెప్పుడి. వారే దానికి కావలివారగుదురు. మన పిల్లల ఊపిరిని వారికి ఇచ్చిన దేవుడు, దానిని కాపాడుటకు మనకు జ్ఞానమును, సహనమును అనుగ్రహించును గాక.